సోమవారం బురద

గోపన్‌పల్లి,
ఫిబ్రవరి 9

చిరంజీవి ఆరోన్‌కి,

అక్క రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల నేనూ, మీ బావా కులాసాగానే ఉన్నాం. చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వకు. పోయిన ఆదివారం నువ్వు పుణె నుంచి ఫోన్ చేసి ఇరవై నిమిషాలు మాట్లాడావు. నేను ఊఁ కొట్టాను. నిజం చెప్పనా, నాకు అందులో సగం కూడా వినపడలేదు. గచ్చిబౌలిలో చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. మురుగునీళ్లలోకి గాలి కొట్టే బ్లోయర్ల పక్కన పదకొండేళ్లు కూర్చుంటే ఏ చెవైనా ఇంతేనమ్మా అన్నాడు. ఎదురుగా ఉన్నవాళ్ల పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను గానీ ఫోన్‌లో నీకు పెదవులుండవు కదా. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. కాగితమైతే సిగ్గుకైనా నింపాలి.

అసలు సంగతి అది కాదు. చర్చిలో సుబ్బమ్మ గారు అందరి ముందూ అడిగింది, మీ తమ్ముడు పుణెలో ఏం చదువుతున్నాడని. "కెమిస్ట్రీలో పీహెచ్‌డీ అండి" అన్నాను. "అందులో ఏమిటి?" అంది. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, నువ్వు నాలుగేళ్లుగా ఏం చేస్తున్నావో చెప్పలేకపోయాను. ఆవిడ మళ్లీ అడిగేలోగా నాకు తెలియాలి. నేను చెబితే ఆవిడకి అర్థమయ్యేలా రాయి.

ప్లాంటు బాగానే ఉంది. ఆరు వందల ఫ్లాట్ల మురుగు వస్తుంది, తేట నీళ్లయి పోతుంది. పైన వాళ్ల పిల్లలు బంతాట ఆడుకునేది నా నీళ్లతో పెరిగిన గడ్డి మీదే. హౌస్ కీపింగ్‌లో చీపురు పట్టుకుని వచ్చినదాన్ని, అంతకుముందు ప్లాంటు నడిపిన రామచంద్రం గారు మానేసి వెళుతూ తాళాలు నా చేతిలో పెట్టాడు. ఆరోజు నుంచి ఒక్క పూట ఆగలేదు. ఈ మధ్య బురద కాస్త మొండికేస్తోంది. అదే సర్దుకుంటుందిలే.

ఇట్లు,
అక్క

---

పుణె,
ఫిబ్రవరి 20

అక్కా,

నీ ఉత్తరం చూసి ముందు బాధ వేసింది, తర్వాత నవ్వొచ్చింది. సుబ్బమ్మ గారికి ఇలా చెప్పు.

గాజు ముక్కని నీళ్లలో ముంచితే దాని ఒంటి నిండా సన్నగా మైనస్ ఛార్జి వస్తుంది. ఇసుకకీ అంతే, మట్టికీ అంతే. ఇప్పుడు ఒక పొడవాటి దారం ఊహించుకో. కంటికి కనిపించనంత సన్నం. దాని పొడుగునా ప్లస్ ఛార్జీలు పూసల్లా ఉంటాయి. అలాంటి దారాలని నీళ్లలో వదిలితే అవి పోయి గాజుకి అతుక్కుంటాయి. మొదట వచ్చినవి చదునుగా పడుకుంటాయి. ఆ తర్వాత వచ్చినవాటికి చోటు చాలదు, అందుకని కొంత అతుక్కుని మిగతాది నీళ్లలోకి వేలాడేస్తాయి. ఇంకా వేస్తూ పోతే గాజు మీద ప్లస్ ఎక్కువైపోతుంది. అప్పుడు కొత్తగా వచ్చే దారాలని ఆ గాజే వెనక్కి తోసేస్తుంది.

మా దగ్గర గడియారాల్లో ఉండేలాంటి చిన్న స్ఫటికం పలక ఉంది. దాని మీద దారం వచ్చి వాలితే దాని వణుకు మారుతుంది. దాన్నిబట్టి ఎంత అతుక్కుందో తూచి చెప్పేస్తాను. ఎంత అతుక్కుంటుంది, ఎంత గట్టిగా పట్టుకుంటుంది, ఎప్పుడు వదిలేస్తుంది. ఇదే నా నాలుగేళ్ల చదువు.

ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నా వల్ల కాదు. అర్థం కాకపోతే దిగులు పడకు, మా క్లాసులో వాళ్లకే అర్థం కాదు. చెవి మిషను సంగతి బావతో మాట్లాడతాను.

నీ
ఆరోన్

---

గోపన్‌పల్లి,
మార్చి 2

ఒరేయ్ ఆరోన్,

అర్థం కాకపోతే దిగులు పడకూడదా? ఎంత పెద్దవాడివైపోయావురా!

నువ్వు రాసిన ఆ దారం నా దగ్గర ఇరవై అయిదు కిలోల బస్తాల్లో ఉంది. తెల్లటి పొడి. మేం పాలీ అంటాం. బస్తా మీద ఇంగ్లీషులో ఇంత పొడుగు పేరుంటుంది, మీ బావ చేత చదివించాను, అందులో "క్యాటయానిక్" అని ఉంది. అంటే ప్లస్సే కదా? బురదలో రేణువులు ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు, అలా తేలుతూనే ఉంటాయి. ఈ పాలీ నీళ్లు కలిపితే అన్నీ కూడుకుని ముద్ద కడతాయి, నీళ్లు విడిపోతాయి. ఆ ముద్దని ప్రెస్‌కి ఎక్కిస్తాను. ప్రెస్ అంటే గుడ్డలు తొడిగిన పలకలు, వాటి మధ్య బురదని పెట్టి నొక్కుతాం. నీళ్లన్నీ కారిపోయి తారురోడ్డు ముక్కల్లాంటి గట్టి అచ్చులు వస్తాయి. తోటమాలి వాటిని ఎరువుకి తీసుకెళతాడు.

నువ్వు నాలుగేళ్లుగా తూస్తున్నావు, నేను పదకొండేళ్లుగా కలుపుతున్నాను. పాలీ కలపడం నీకు వచ్చా? ఒక్కసారిగా కుమ్మరించావంటే ఉండలు కట్టి కూర్చుంటుంది, ఇక ఏం చేసినా విడిపోదు. ఉప్మాకి రవ్వ పోసినట్టు ఒక చేత్తో చల్లుతూ ఒక చేత్తో తిప్పుతూ ఉండాలి. తర్వాత ముప్పావు గంట ముట్టుకోకూడదు. వేలు ముంచి తీస్తే తీగలాగా సాగాలి. సాగిందంటే నీ దారాలు విప్పుకున్నట్టే. సుబ్బమ్మ గారికి ఇదే చెప్పాను. "అయితే అక్కాతమ్ముళ్లది ఒకటే పని అన్నమాట" అంది. నాకెంత గర్వంగా ఉందో!

ఇక అసలు సంగతి. రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. జనవరి నుంచి బురద ముద్ద కట్టడం లేదు. కొన్ని రోజులు బాగానే ఉంటుంది, కొన్ని రోజులు పాయసంలా జారిపోతుంది. నేను పాలీ పెంచాను. ఒకటిన్నర రెట్లు వేశాను. బాగున్న రోజులు కూడా పాడైపోయాయి. ట్యాంకులు నిండిపోతున్నాయి, వాసన లిఫ్టు దాకా వెళుతోంది. అసోసియేషన్‌కి కొత్తగా సెక్రటరీ అయిన కిరణ్మయి గారు, మాదాపూర్‌లో పెద్ద ఉద్యోగం ఆవిడది, ఒక కంపెనీని పిలిపించింది. వాళ్లు మిషన్లు పెడతారట, వాళ్ల మనుషులే వస్తారట. ఏప్రిల్ 27న ఫ్లాట్ల వాళ్లందరి మీటింగు. అందులో తేలుస్తారు, ప్లాంటు నా చేతిలో ఉండేదీ ఊడేదీ.

నిన్ను సాయం అడుగుతున్నానని అనుకోకు. చెబుతున్నానంతే.

అక్క

---

పుణె,
మార్చి 10

అక్కా, అక్కా!

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు పాలీ వాడుతున్నావని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు? సరే, నేనెప్పుడు అడిగాను గనక.

నీ జబ్బేమిటో నాకు తెలిసిపోయింది. క్రితం ఉత్తరంలో రాశాను చూడు, దారం ఎక్కువైతే గాజే తోసేస్తుందని. నీ బురదలోనూ అదే జరుగుతోంది. నువ్వు పాలీ పెంచేకొద్దీ ప్రతి రేణువూ ప్లస్ అయిపోయి పక్క రేణువుని తోసేస్తోంది. కాబట్టి పెంచడం కాదు, తగ్గించాలి. ఇప్పుడు వేస్తున్నదానిలో సగం వెయ్యి. ఖాయంగా ఇదే. నా మాట నమ్ము.

ఇంకో సంగతి. మా గైడు గారిని అడిగితే మా సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇస్తారు. సైంటిస్టు సంతకం చూస్తే మీ కిరణ్మయి గారు నోరెత్తరు. పంపమంటావా?

నీ
ఆరోన్

---

గోపన్‌పల్లి,
మార్చి 19

ఆరోన్‌కి,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారం చర్చి నుంచి తిన్నగా ప్లాంటుకి వెళ్లి సగం పాలీ వేశాను. బురద ఎంత ముద్దుగా ముద్ద కట్టిందో! అచ్చులు ఠంగుమన్నాయి. నిన్ను తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. సోమవారం కూడా అంతే వేశాను, ప్రెస్ ఎక్కించాను.

బురద గుడ్డల్లోంచి కారిపోయింది. నాకు ప్రెస్ చప్పుడు తేడా వినపడలేదు. చెవులుంటే వినపడేది. చూసేసరికి నల్లటి నీళ్లు గుమ్మం దాటి పార్కింగులోకి వెళ్లిపోయాయి, పదిహేను కార్ల కింద. ఆఫీసులకి బయల్దేరే టైము. మంచి మంచి బూట్లు వేసుకున్నవాళ్లు మునివేళ్ల మీద నడుస్తూ నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. చీపురు పట్టి మధ్యాహ్నం దాకా కడిగాను. పదకొండేళ్ల కింద పెట్టేసిన చీపురు! కిరణ్మయి గారు అరవలేదు. మెమో ఇచ్చింది. "ఇలా ఇంకోసారి జరిగితే మీటింగు దాకా ఆగలేమండీ" అంది. అరిచినా బాగుండేది.

ఖాయంగా ఇదే అన్నావు. నీ గాజు ముక్క, నీ గడియారం పలక, నీ శుభ్రమైన నీళ్లు! ఏ రోజైనా ఒక బకెట్ బురద చూశావా నువ్వు? తప్పు నాది. నా చేతికి తెలిసినదాన్ని పక్కనపెట్టి నీ కాగితాన్ని నమ్మాను.

లెటర్‌హెడ్డూ వద్దు, ఏదీ వద్దు. నా ప్లాంటుకి ఇంకొకరి సంతకం అవసరం లేదు.

కోపంలో కూడా ఒక మాట అడుగుతాను. ప్రెస్ ఎలా నడిచిందో నేను రోజూ గోడ క్యాలెండరు మీద గుర్తు పెడతాను, బాగుంటే సున్నా, పాడైతే అడ్డగీత. నిన్న జనవరి నుంచి తిరగేశాను. అడ్డగీతలు ఎక్కువగా సోమవారమూ శుక్రవారమూ ఉన్నాయి. నీ దారానికి వారాలు తెలుసా?

ప్రిస్కిల్లా

---

పుణె,
మార్చి 26

అక్కా,

క్షమించు. నువ్వు తిట్టినదానికంటే ఎక్కువ తిట్లకి తగినవాణ్ణి నేను.

ఎందుకంటే, నా థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం దేని గురించో తెలుసా? ఉప్పు గురించి. నీళ్లలో ఉప్పుంటే దానిలోని చిన్న చిన్న ఛార్జీలు వచ్చి దారానికీ గాజుకీ మధ్య నిలబడిపోతాయి. ప్లస్‌కి మైనస్ కనిపించదు. చాచుకుని ఉండాల్సిన దారం ముడుచుకుని ఉండలా అయిపోతుంది. ఉప్పు బాగా ఎక్కువైతే అతుక్కున్నది కూడా వదిలేస్తుంది. ఈ సంగతి మీద రెండేళ్లు పనిచేసినవాణ్ణి, నీ బురద నీళ్లలో ఏముందని ఒక్క ప్రశ్న వేయకుండా "ఖాయం" అని రాశాను. నా బీకరులో నీళ్లు నేను పోస్తేనే ఉంటాయి. నీ ట్యాంకులోకి ఊరంతా వస్తుంది. అది నాకు తట్టలేదు.

ఆదివారం సగం పాలీ సరిపోయిందంటే మామూలు రోజున నీకు ఎక్కువవుతున్న మాట నిజం. సోమవారం మాత్రం ట్యాంకులోకి ఇంకేదో వస్తోంది. ఉప్పేనని చెప్పను, ఈసారి ఖాయం అనను. వెతకాల్సింది నువ్వే. నాలుక మీద మాత్రం వేసుకోకు.

ఆరోన్

---

గోపన్‌పల్లి,
ఏప్రిల్ 6

తమ్ముడూ,

దొరికిందిరా! దొరికింది!

నీ ఉత్తరం పట్టుకుని ర్యాంపు దగ్గర సెక్యూరిటీ నర్సింహతో అన్నాను, సోమవారం శుక్రవారం మన బేస్‌మెంట్లో కొత్తగా ఏం జరుగుతుంది నర్సింహా అని. ఇదే ఊరి మనిషి, ఈ టవర్లు లేచిన భూమిలో జొన్న కోసినవాడు. నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా అరిచాడు. "ఏముందక్కా, గా ప్లంబింగోళ్లు ఉప్పు బస్తాలు దించుతరు గద! సోమారం నాలుగు, శుక్రారం నాలుగు. జనవరి సంది గదే నడుస్తున్నది. నువ్వు జూడలే?"

నేను చూడలేదు. నా గది అవతలి మూల. పోయినేడు వానల్లేక బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల నీళ్లు తెప్పిస్తున్నారు. అవి సున్నం ఎక్కువున్న నీళ్లు. కుళాయిలకీ గీజర్లకీ తెల్లగా పెచ్చు కడుతోందని పైవాళ్లు గొడవపెడితే జనవరిలో నీళ్లని మెత్తబరిచే పెద్ద మిషను పెట్టారు. వారానికి ఆ రెండు రోజులూ తెల్లవారుజామునే దాన్ని ఉప్పు నీళ్లతో కడుగుతారు. కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయని ఆ పైపు పట్టుకుని నడిచాను. గోడ వెంట, డక్టు వెనకనుంచి వచ్చి ఎక్కడ దిగిందనుకున్నావు? నేను ప్రెస్ ఎక్కించే ముందు బురద నిలవుంచుకునే నా ట్యాంకులో! దగ్గరగా ఉంది కదా అని ప్లంబర్లు మూత పక్కన కన్నం కొట్టి దూర్చేశారు. నాలుగు బస్తాల ఉప్పు, తిన్నగా నా బురదలోకి.

ఆ సాయంత్రమే ఇంటినుంచి గాజు గ్లాసులు తెచ్చాను. ఆదివారం మంచి బురద ఒక సీసాలో దాచాను. ఎనిమిది గ్లాసుల్లో ఒకే కొలత పోశాను. మొదటిదానిలో ఉప్పు లేదు. రెండోదానిలో అర చెంచా, మూడోదానిలో చెంచా, అలా పెంచుకుంటూ పోయాను. అన్నిట్లో ఒకే కొలత పాలీ. మొదటి మూడూ ముద్ద కట్టి పైన తేట నీళ్లు తేలాయి. నాలుగోది కట్టాలా వద్దా అన్నట్టుంది. చివరి నాలుగూ కలిపినవి కలిపినట్టే నల్లగా ఉండిపోయాయి. ఆ గ్లాసుల ముందు కూర్చుని ఎంతసేపు చూశానో నాకే తెలియదు. మా ఆయన వచ్చి "మన గ్లాసులే దొరికాయా నీకు" అన్నాడు.

తెల్లారి కిరణ్మయి గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ప్లంబింగు సూపర్‌వైజరుని పిలిచింది. "ఉప్పు నీళ్లకి బురద పాడవడమేంటి మేడమ్, తన తప్పు మా మీద తోస్తోంది" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, మర్యాదగానే, అడిగింది. "ప్రిస్కిల్లా గారూ, ఏమీ అనుకోకండి. మీ క్వాలిఫికేషన్ ఏమిటండీ?"

ఎనిమిదో తరగతి అని చెప్పాను. తల దించుకుని చెప్పలేదు. కానీ ఆ తర్వాత ఆవిడ ఏమందో నాకు పెదవుల మీద కూడా అర్థం కాలేదు, చూపు ఆనలేదు.

మీటింగులో గ్లాసులు పెడతాను. అందరి ముందూ పెడతాను.

అక్క

---

పుణె,
ఏప్రిల్ 16

అక్కా,

నువ్వు చేసిన ఎనిమిది గ్లాసుల పని ఇక్కడ మళ్లీ చేశాను. గాజు పలక మీద దారం, ఉప్పు మెట్లు మెట్లుగా పెంచుతూ. నా దగ్గర మూడో అధ్యాయంలో రెండే కొలతలున్నాయి, ఉప్పు తక్కువ, ఉప్పు ఎక్కువ. మధ్యలో ఏముంటుందని నేను చూడలేదు. నీ నాలుగో గ్లాసు కట్టాలా వద్దా అన్నట్టుందన్నావే, అక్కడే ఉంది అసలు కథంతా. సరిగ్గా అలాంటి ఒక చోట నా స్ఫటికం వణుకు మారింది. దారం పూర్తిగా వదలదు, పూర్తిగా పట్టుకోదు, సగం లేచి నిలబడుతుంది. మా గైడు గారు కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు.

సోమవారం మా డిపార్టుమెంటులో సెమినారు ఇచ్చాను. చివర్లో ఒక పెద్దాయన అడిగారు, మధ్య కొలతలు చూడాలన్న ఆలోచన నీకు ఎక్కడిదని.

ఇప్పుడొక విషయం చెబుతాను. చదివి కాగితం చింపినా ఫర్వాలేదు. నాలుగేళ్లుగా ఇక్కడ ఎవరడిగినా మా అక్క హైదరాబాద్‌లో ఫెసిలిటీస్ మేనేజర్ అని చెబుతున్నాను. నువ్వు పంపిన డబ్బుతో మెస్సు బిల్లు కడుతూ కూడా అదే చెప్పాను. మురుగు అన్న మాట నా నోట్లోంచి రాలేదు. సిగ్గుపడ్డాను అక్కా. నీ మీద కాదు అని రాద్దామనుకున్నాను, కానీ అబద్ధమవుతుంది.

ఆ పెద్దాయనకి చెప్పాను. "మా అక్కదండీ. ఆవిడ గోపన్‌పల్లిలో అపార్టుమెంట్ల మురుగునీటి ప్లాంటు నడుపుతుంది. పేరు ప్రిస్కిల్లా." ఆయన నోట్‌బుక్ తెరిచి నీ పేరు స్పెల్లింగు అడిగారు. అప్పుడు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను.

వద్దన్నావు గానీ గైడు గారి చేత ఉత్తరం రాయించాను. ఇందులో వేరే కవరులో అంటించి పెట్టాను. నువ్వు చెప్పిందంతా శాస్త్రప్రకారం సరైనదని సంతకం, ముద్ర వేసి ఇచ్చారు. కిరణ్మయి గారు మళ్లీ క్వాలిఫికేషన్ అడిగితే తీసి చూపించు. ఒక్క కాగితంతో అయిపోతుంది. నీ ప్లాంటు పోకూడదు అక్కా.

నీ
ఆరోన్

---

గోపన్‌పల్లి,
మే 7

నా తమ్ముడు ఆరోన్‌కి,

నీ ఉత్తరం చింపలేదు. బైబిల్లో పెట్టుకున్నాను. సిగ్గుపడ్డావని చదివి కాగితం మడిచి పక్కన పడేశాను, దాచను. రెండు రోజులు నీ మీద కోపంగా తిరిగాను. మూడో రోజు ఆ పెద్దాయన నా పేరు స్పెల్లింగు అడిగిన చోటు మళ్లీ చదివి, మా ఆయనకి చదివి, నర్సింహకి కూడా చదివి వినిపించాను. "నీ పేరు పుణె దాక వోయిందక్కా" అన్నాడు.

మీటింగు గురించి రాస్తాను. ఇన్ని రోజులు ఆగింది ఎందుకంటే, పైపు మార్చాక ఒక సోమవారం గడవనిచ్చి రాద్దామనుకున్నాను.

క్లబ్‌హౌస్ నిండిపోయింది. వంద మందికి పైనే ఉన్నారు. ముందు ఆ కంపెనీ అతను తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. బాగానే మాట్లాడి ఉంటాడు, నాకు వినపడలేదు. తర్వాత కిరణ్మయి గారు నన్ను పిలిచింది. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫారం చీర కట్టుకుని వెళ్లాను. బల్ల మీద ఎనిమిది గ్లాసులు పేర్చాను. సీసా మూత తీయగానే ముందు వరసలో వాళ్లు ముక్కులు మూసుకున్నారు. "మీదేనండి, కొత్తగా ఏం లేదు" అన్నాను. వెనక ఎవరో నవ్వారు, భుజాలు ఊగితే తెలిసింది.

ఉప్పు కూడా వాళ్ల మిషను గదిలోంచే తెచ్చాను, బస్తా మీది పేరు కనపడేలా పక్కన పెట్టాను. చెంచాలు లెక్కపెడుతూ వేశాను. పాలీ పోశాను, ఒక్కొక్కటీ ఇరవై చుట్లు తిప్పాను. పదకొండేళ్లుగా చేస్తున్న పనే కదా. అయిదు నిమిషాలు ఆగండి అని పక్కకి జరిగాను. అందరూ కుర్చీల్లోంచి లేచి బల్ల చుట్టూ మూగారు. మొదటి గ్లాసులో ముద్దలు కిందికి దిగి పైన నీళ్లు తేటగా మెరుస్తుంటే ఒక పెద్దావిడ ముక్కు మీది కొంగు తీసేసి వంగి చూసింది. చివరి గ్లాసు నల్లగా అలాగే ఉంది. పైపు ఎక్కడ దిగిందో ఫోటో ఒకటి తీయించాను, అది అందరికీ చూపించాను.

ప్లంబింగు సూపర్‌వైజరు ఆ ఫోటో చూసి వెనక వరసలోకి జారుకున్నాడు. కంపెనీ అతను మాత్రం మంచివాడు, నిజం ఒప్పుకున్నాడు. ఈ ఉప్పు వస్తుంటే మా మిషను కూడా ఆగిపోతుంది మేడమ్ అన్నాడట. నర్సింహ తర్వాత చెప్పాడు.

అప్పుడు కిరణ్మయి గారు నా ఎదురుగా వచ్చి ఏదో అడిగింది. ఆవిడ తొందరగా మాట్లాడుతుంది, పెదవులు అందలేదు. నర్సింహ గుమ్మం దగ్గరనుంచి వచ్చి నా చెవిలో అరిచాడు. "గిదంత నీకు ఎవరు చెప్పిన్రని అడుగుతున్నరక్కా! ఏ ల్యాబుల చేపిచ్చినవని!"

గదంతా నా వైపే చూస్తోంది. నీ కవరు నా చేతిసంచిలో ఉంది. జిప్పు మీద వేళ్లు కూడా వెళ్లాయి. ఉప్పు సంగతి నువ్వు రాశావు, అది నేను మర్చిపోను. కానీ సోమవారాన్ని పట్టుకున్నది నేను. పైపు వెంట నడిచింది నేను. గ్లాసులు పేర్చింది నేను. ఆ కవరు తీసిన మరుక్షణం వాళ్లంతా బల్ల మీద గ్లాసులు వదిలేసి కాగితం చదువుతారు. ఓహో, తమ్ముడు సైంటిస్టా, అదీ సంగతి అంటారు. ఆ తర్వాత ట్యాంకులో ఏది తేడా వచ్చినా, మీ తమ్ముడుగారిని ఒక మాట అడగండి అంటారు. నా ప్లాంటు నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది, కానీ నాది కాదు.

జిప్పు మీదనుంచి చెయ్యి తీసేశాను.

"ఏ ల్యాబులోనూ కాదమ్మా. నేనే కనిపెట్టాను" అన్నాను. చెవుడు వచ్చాక నా గొంతు నాకు తెలియకుండానే పెద్దదైపోయింది, గది చివరిదాకా వినపడి ఉంటుంది.

ఆవిడ నాకు చేతులు జోడించింది. చప్పట్లు నాకు వినపడవు కదా, గదిలో అందరి చేతులూ కదలడం చూశాను. కంపెనీ మాట వెనక్కి పోయింది. పైపు బుధవారం మార్చారు, నేను దగ్గరుండి చూపించిన చోటికి, మొదట్లో ఉండే పెద్ద ట్యాంకులోకి, కొంచెం కొంచెంగా వదిలేలా. మొన్న సోమవారం సగం పాలీతోనే అచ్చులు గట్టిగా వచ్చాయి. అసోసియేషన్ వాళ్లు చెవి మిషను కొనిస్తామన్నారు, సరేనన్నాను. అది నా హక్కు, వాళ్ల బ్లోయర్లే కదా నా చెవులు తీసుకున్నది.

నువ్వు నిండు సభలో నా పేరు చెప్పావు. నేను నిండు సభలో నీ పేరు చెప్పలేదు. కోపం వస్తే రానీ, ఒక పూట ఉంచుకుని వదిలేయి. ఇంట్లో, చర్చిలో, సంతలో ఎవరు దొరికితే వాళ్లకి నా తమ్ముడు నా తమ్ముడు అని చెప్పుకుంటూనే ఉన్నాను. అక్కడ మాత్రం చెప్పలేనురా. అక్కడ నేను ఎవరి అక్కనూ కాదు.

మీ గైడు గారి కవరు అంటించింది అంటించినట్టే తిరిగి పంపుతున్నాను. ఆయనకి నా వందనాలు చెప్పి ఇచ్చెయ్యి.

ప్రిస్కిల్లా,
ప్లాంటు ఆపరేటరు